కొండదారుల్లో నల్లజాతీయులు ఎందుకు తక్కువ కనబడతారు?

అమెరికాలో ఉండే మనవాళ్ళు ఎండలు రాగానే వీకెండ్లకు నేషనల్ పార్కుల బాట పడతారు. కాలిఫోర్నియాలో అయితే యోసెమిటీ, వర్జీనియాలో అయితే షెనన్‌డోవా. నాలుగు కుటుంబాలు చెట్ల కింద కూర్చుని పులిహోర డబ్బాలు విప్పుకున్నప్పుడు ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వస్తుంది: ఊళ్ళో ఇంతమంది నల్లజాతీయులు ఉంటారు కదా, ఇక్కడ ఒక్కరూ కనబడరేం? జవాబు కూడా అక్కడే ఎవరో ఒకరు చెప్పేస్తారు. "వాళ్ళకి ఇలాంటివి ఇష్టం ఉండవులే."

గమనించినదాంట్లో తప్పేమీ లేదు. నేషనల్ పార్క్ సర్వీస్ 2018లో చేయించిన సర్వేలో పార్కులకు వచ్చినవాళ్ళలో 77 శాతం తెల్లవాళ్ళేనని తేలింది. దేశ జనాభాలో 42 శాతం ఉన్న మిగతా జాతులవాళ్ళంతా కలిసి 23 శాతమే. తప్పల్లా ఆ జవాబులోనే ఉంది. ఇష్టం లేదనేస్తే దాని వెనకున్న చట్టాలు, భయాలు, మూసేసిన గేట్లు ఏవీ కనబడవు. అవి తెలిస్తేనే, ఇవాళ అవే దారుల్లోకి గుంపుగా, నవ్వుకుంటూ, తమలో ఒకరు ముందు నడుస్తుండగా వస్తున్న నల్లజాతీయులు ఎంత పెద్ద పని చేస్తున్నారో అర్థమవుతుంది.

అసలు ఆ దేశంలో అడవిని, చిత్తడినేలను నల్లజాతీయుల కన్నా దగ్గరగా ఎరిగినవాళ్ళు ఎంతమంది? పొలం దున్నింది, చెట్లు కొట్టింది, కాలువలు తవ్వింది బానిసలుగా ఉన్న వాళ్ళే. హారియట్ టబ్‌మన్ పేరు మనలో చాలామందికి తెలుసు. 1849లో మేరీల్యాండ్ నుంచి తప్పించుకుని, మళ్ళీ పదమూడుసార్లు వెనక్కి వెళ్ళి దాదాపు 70 మందిని విడిపించిన మనిషి. ఆమె ధైర్యం గురించి చెప్పేవాళ్ళు ఆమె అడవి చదువు గురించి ఎక్కువగా చెప్పరు. చిన్నప్పుడే మోకాళ్ళలోతు బురదనీళ్ళలోకి దిగి మస్క్‌రాట్ అనే నీటి ఎలుకల కోసం పెట్టిన బోనులు చూసి రమ్మని పంపేవారు. తర్వాత కలప పని చేసే తండ్రి బెన్ రాస్‌తో కలిసి అడవిలో పనిచేసింది. ఏ వాగు ఎటు పోతుందో, ఏ చిత్తడిలో కాలు పెట్టవచ్చో ఆమెకు అలా తెలిసింది. రాత్రులు ఎక్కువసేపు ఉండే చలికాలం చూసుకుని, ధ్రువ నక్షత్రాన్ని ఆనవాలుగా పెట్టుకుని నడిపించేది. గుడ్లగూబ కూత కూసి సంకేతాలు ఇచ్చేదనీ చెబుతారు. ఈ రోజుల్లో అయితే ఆమెను వైల్డర్‌నెస్ గైడ్ అనేవాళ్ళు.

వర్జీనియా, నార్త్ కరోలినా సరిహద్దులోని గ్రేట్ డిస్మల్ స్వాంప్‌లోనైతే పారిపోయిన బానిసలు తరాల తరబడి కాపురాలే ఉన్నారు. వేటకుక్కలు కూడా రాలేని ఆ బురదే వాళ్ళను కాపాడింది.

ఆశ్రయమిచ్చిన అడవే తర్వాత భయపెట్టే చోటు అయింది. బానిసత్వం పోయాక దక్షిణాది రాష్ట్రాల్లో మూకహత్యలు మొదలయ్యాయి. 1877 నుంచి 1950 వరకు జరిగిన 4,400కు పైగా హత్యలను ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ అనే సంస్థ నమోదు చేసింది. వాటిలో ఎన్నో చెట్టుకొమ్మల దగ్గర, ఊరి బయట, నది వంతెనల మీద జరిగినవే. ఒంటరిగా అటువైపు పోవద్దని పెద్దలు పిల్లలకు చెప్పడం అక్కడ మొదలైంది. ప్రాణాల మీద తీపి ఉన్న ఏ తల్లిదండ్రులైనా అదే చెబుతారు. ఆ జాగ్రత్త మనవళ్ళ దాకా వచ్చేసరికి కారణం ఎవరూ చెప్పడం మానేశారు, జాగ్రత్త మాత్రం మిగిలింది. పైనుంచి చూసేవాళ్ళకు అది ఇష్టం లేకపోవడంలా కనబడింది.

ఇక్కడే చాలామందికి తెలియని ఒక ముచ్చట చెప్పాలి. అమెరికా నేషనల్ పార్కులను తొలిరోజుల్లో కాపలా కాసినవాళ్ళలో నల్లజాతి సైనికులు ఉన్నారు. నేషనల్ పార్క్ సర్వీస్ పుట్టింది 1916లో. అంతకుముందు పార్కులు సైన్యం చేతిలో ఉండేవి. 1899, 1903, 1904 వేసవుల్లో యోసెమిటీ, సెకోయా పార్కులకు బఫెలో సోల్జర్స్ అని పేరున్న నల్లజాతి దళాలను పంపారు. మంటలు ఆర్పడం, దొంగవేటగాళ్ళను పట్టుకోవడం, మేకలనూ గొర్రెలనూ మేపడానికి తోలుకొచ్చేవాళ్ళను అడ్డుకోవడం, దారులు వేయడం వాళ్ళ పని.

1903లో సెకోయాకు తాత్కాలిక సూపరింటెండెంట్‌గా వచ్చినవాడు కెప్టెన్ చార్ల్స్ యంగ్. 1864లో కెంటకీలో బానిస కుటుంబంలో పుట్టి, 1889లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి పట్టా పుచ్చుకున్న మూడో నల్లజాతీయుడు. అంతకుముందు వేసవుల్లో నత్తనడక నడిచిన రోడ్డు పని ఆయన వచ్చిన ఒక్క వేసవిలోనే జెయింట్ ఫారెస్ట్ దాకా వచ్చి, మోరో రాక్ దాకా సాగింది. జనం బండ్ల మీద కూర్చుని ఆ మహావృక్షాల దగ్గరకు వెళ్ళగలిగింది అప్పుడే. సంతోషపడ్డ ఊరివాళ్ళు ఒక చెట్టుకు ఆయన పేరు పెడతామన్నారు. ఆయన వద్దన్నాడు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా మీకు అలాగే అనిపిస్తే అప్పుడు పెట్టండి అన్నాడు. తన పేరుకు బదులు ఒక చెట్టుకు నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టించాడు. అక్కడి ఒక సెకోయా చెట్టుకు యంగ్ పేరు పెట్టింది 2004లో. ఆయన అడిగింది ఇరవై ఏళ్ళు, పట్టింది నూట ఒక్క ఏళ్ళు.

ఈ చరిత్ర మరుగున పడిపోయింది. యోసెమిటీలో పనిచేసిన రేంజర్ షెల్టన్ జాన్సన్ అక్కడి లైబ్రరీలో 1899 నాటి ఒక ఫొటో చూశాడు. గుర్రాల మీద వరసగా నల్లజాతి సైనికులు. డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన ఆయనకు సొంతవాళ్ళు ఎదురుపడ్డట్టు తోచింది. అప్పటినుంచి ఆ సైనికుల వేషం కట్టి, వాళ్ళ కథను సందర్శకులకు చెప్పడం మొదలుపెట్టాడు. నల్లజాతి కుటుంబాలు యోసెమిటీకి రావడానికి సాయం చేయమని ఓప్రా విన్‌ఫ్రీకి ఉత్తరం రాశాడు. 2010లో ఆమె వచ్చి అక్కడే క్యాంపింగ్ చేసి తన షోలో చూపించింది. అప్పటికి యోసెమిటీ మీద ఎన్ని టీవీ కార్యక్రమాలు వచ్చి ఉంటాయి! నల్లజాతి మనిషి ఆ గడ్డి మీద స్టవ్ వెలిగించుకుని వంట చేసుకోవడం మాత్రం చాలా ఇళ్ళలో మొదటిసారి చూశారు.

ఇప్పుడు చట్టాల సంగతికి వద్దాం. దీనికి వాషింగ్టన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళకు బాగా తెలిసిన చోటు ఒకటుంది. ఆకులు రంగు మారే రోజుల్లో స్కైలైన్ డ్రైవ్ మీద కార్లు ఆగాగి నడుస్తుంటాయి కదా, ఆ దారిలో 57.5 మైలురాయి దగ్గర లూయిస్ మౌంటెన్ క్యాంప్‌గ్రౌండ్ వస్తుంది. చిన్నది, ప్రశాంతంగా ఉంటుంది. షెనన్‌డోవా నేషనల్ పార్కు 1935లో ఏర్పడింది. నల్లవాళ్ళను తెల్లవాళ్ళ నుంచి వేరుగా ఉంచే జిమ్ క్రో చట్టాలు వర్జీనియాలో అప్పుడు నడుస్తున్నాయి. పార్కు కేంద్ర ప్రభుత్వానిదైనా స్థానిక ఆనవాయితీ పాటించాలని నిర్ణయించారు. 1939లో లూయిస్ మౌంటెన్‌ను నల్లజాతీయులకు ప్రత్యేకంగా తెరిచారు. పిక్నిక్ బల్లలు, కాఫీ షాపు, కాటేజీలు, టెంటు స్థలాలు అన్నీ వాళ్ళకు అక్కడే. దారి పక్కన బోర్డు మీద అది నీగ్రో ఏరియా అని పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. నూట అయిదు మైళ్ళ కొండదారి, అందులో తినడానికీ పడుకోవడానికీ వాళ్ళకు దక్కింది అంత చోటు.

ఇది చేతులు కట్టుకుని ఒప్పుకున్న వ్యవహారం కాదు. పార్కులను చూసే ఇంటీరియర్ శాఖ మంత్రి హెరాల్డ్ ఇకీస్ దగ్గర సలహాదారుగా ఉన్న విలియం ట్రెంట్ అనే నల్లజాతి అధికారి దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. దేశం మొత్తానికి చెందిన పార్కులో ఒక రాష్ట్రపు ఆనవాయితీ ఎలా చెల్లుతుందన్నది ఆయన వాదన. ఆయన పట్టు వల్లే 1939లో పిన్నకిల్స్ పిక్నిక్ స్థలాన్ని ప్రయోగంగా అందరికీ తెరిచారు. 1945లో పార్కుల్లో వేర్పాటు ఉండకూడదని ఉత్తర్వులు వచ్చాయి. షెనన్‌డోవాలో అవి పూర్తిగా అమలయ్యేసరికి 1950 అయింది.

పార్కు దాకా రావడం ఇంకో గండం. దారిలో ఏ హోటల్ గది ఇస్తుంది, ఏ బంకులో బాత్‌రూమ్ వాడనిస్తారు, చీకటి పడితే ఏ ఊళ్ళో ఆగకూడదు, ఇవన్నీ తెలియకుండా నల్లజాతి కుటుంబం కారెక్కేది కాదు. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో ఉంటూ పోస్ట్‌మ్యాన్‌గా పనిచేసిన విక్టర్ హ్యూగో గ్రీన్ 1936 నుంచి గ్రీన్ బుక్ అనే గైడు అచ్చువేయించింది అందుకే. సెలవులకు బయల్దేరేముందు అంత టెన్షన్ పడాల్సి వస్తే ఎంతమంది కొండలకు పోతారు?

నీళ్ళ సంగతి ఇంకా ఘోరం. 1919 జులై 27న షికాగోలో యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు స్నేహితులతో కలిసి మిషిగన్ సరస్సులో తెప్ప మీద ఆడుకుంటున్నాడు. తెల్లవాళ్ళ వైపు, నల్లవాళ్ళ వైపు అని నీళ్ళలో కంటికి కనబడని గీత ఒకటి ఉండేది. తెప్ప అటు కొట్టుకుపోయింది. ఒడ్డు మీదినుంచి ఒకడు రాళ్ళు రువ్వాడు, కుర్రాడు మునిగి చనిపోయాడు. తర్వాత రేగిన అల్లర్లలో 38 మంది పోయారు.

1920లు, 30ల్లో అమెరికా నగరాలు మునిసిపల్ స్విమ్మింగ్ పూళ్ళు కట్టించాయి. కొన్ని ఒకేసారి వేలమంది దిగగలిగేంత పెద్దవి. ఆడా మగా కలిసి ఈత కొట్టవచ్చని ఒప్పుకున్న కాలంలోనే నల్లజాతీయులను గేటు బయట నిలబెట్టడం ఎక్కువైంది. 1949లో సెయింట్ లూయిస్‌లో ఫెయిర్‌గ్రౌండ్ పార్క్ పూల్‌ను అందరికీ తెరిస్తే, మొదటి రోజే తెల్లవాళ్ళ గుంపులు నల్లజాతి పిల్లల మీద దాడి చేశాయి. నగరం వెంటనే పాత పద్ధతికి వెళ్ళిపోయింది. కోర్టులు వేర్పాటు కుదరదన్నాక చాలా ఊళ్ళు అందరినీ రానిచ్చే బదులు పూళ్ళకే తాళం వేశాయి. కొన్నింటిని మట్టితో పూడ్చేశారు. మిసిసిపీలోని జాక్సన్ నగరం అలా మూసేస్తే కేసు సుప్రీం కోర్టుకు వెళ్ళింది. మూత అందరికీ ఒకటే కాబట్టి అది వివక్ష కిందికి రాదని 1971లో 5–4 మెజారిటీతో తీర్పు వచ్చింది. డబ్బున్న తెల్లవాళ్ళు ప్రైవేటు క్లబ్బులకు, ఇంటి వెనక కట్టుకున్న పూళ్ళకు వెళ్ళిపోయారు. నల్లజాతి పిల్లలకు నేర్చుకునే చోటు లేకుండా పోయింది.

ఈత రాని అమ్మ తన పిల్లలను నీళ్ళ దగ్గరికి పోనివ్వదు. ఆ పిల్లలు పెద్దయి తమ పిల్లలనూ పోనివ్వరు. అలా ఇప్పటిదాకా వచ్చింది. నల్లజాతి పిల్లల్లో 64 శాతం మందికి ఈత రాదు, లేదా అంతంతమాత్రంగా వచ్చు అని అమెరికా స్విమ్మింగ్ సంస్థ 2017లో బయటపెట్టిన అధ్యయనం చెప్పింది. పది నుంచి పద్నాలుగేళ్ళ వయసులో స్విమ్మింగ్ పూళ్ళలో మునిగి చనిపోయే రేటు తెల్లపిల్లల కన్నా నల్లజాతి పిల్లల్లో 7.6 రెట్లు ఎక్కువని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ లెక్క. చట్టాలు పోయి అరవై ఏళ్ళు దాటినా పిల్లలు ఇంకా వాటివల్ల పోతున్నారు. ఈ అంకె చదివినప్పుడల్లా "ఇష్టం ఉండదులే" అన్న మాట మీద నాకు కోపం వస్తుంది.

నీళ్ళ పక్కన తమ చోటు తాము కట్టుకుంటే? అదీ చేశారు. విల్లా, చార్ల్స్ బ్రూస్ దంపతులు 1912లో కాలిఫోర్నియాలోని మన్‌హటన్ బీచ్‌లో స్థలం కొని నల్లజాతీయుల కోసం రిసార్టు నడిపారు. జనం హాయిగా వస్తుంటే ఇరుగుపొరుగు ఓర్వలేకపోయారు. పార్కు కడతామని చెప్పి 1924లో ఊరి పాలకులు ఆ స్థలం లాగేసుకునే పని మొదలుపెట్టారు. వారసుల చేతికి అది తిరిగి వచ్చింది 2022లో. ఫ్లోరిడాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ అధినేత అబ్రహం లింకన్ లూయిస్ 1935లో మొదలుపెట్టిన అమెరికన్ బీచ్ మాత్రం నల్లజాతి కుటుంబాల సెలవుల ఊరుగా ఏళ్ళ తరబడి కళకళలాడింది.

1964 జులైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. రెండు నెలలకు, సెప్టెంబరులో, అడవులను కాపాడే వైల్డర్‌నెస్ చట్టం వచ్చింది. కాగితం మీద ఇక అడ్డేమీ లేదు. కానీ కొండకు వెళ్ళడం అనేది ఒకరి వెంట ఒకరు పడితే అలవాటయ్యే పని. మేనమామ తీసుకెళ్తేనో, అన్నయ్య టెంటు కట్టడం చూపిస్తేనో వస్తుంది. రెండు మూడు తరాల పాటు ఆ తీసుకెళ్ళేవాళ్ళే లేకుండా చేసి, గేటు తెరిచి రమ్మంటే సరిపోతుందా? పార్కుల అధికారులు ఏళ్ళ తరబడి ఫీజులు, రవాణా, ప్రచారం గురించి మాట్లాడారు. అవీ నిజమైన ఇబ్బందులే. నా లెక్కలో మాత్రం అసలు లోటు తోడు. ఇప్పటి నల్లజాతి సంస్థలు పట్టుకున్నది సరిగ్గా ఆ లోటునే.

ఓక్లండ్‌లో పెరిగిన రూ మ్యాప్ 2009లో ఔట్‌డోర్ ఆఫ్రో మొదలుపెట్టింది. నగరానికి ఉత్తరాన లేక్ కౌంటీలో వాళ్ళ కుటుంబానికి ఒక ర్యాంచ్ ఉండేది. పశువులు, తోట, వేట, చేపలు, వచ్చిపోయే చుట్టాలు. ఆమెకు అడవి అంటే మనుషులతో నిండిన చోటు. పెద్దయి హైకింగ్‌కు వెళ్తే చాలాచోట్ల తనొక్కతే నల్లజాతి మనిషి. తనలాంటివాళ్ళు ఇంకెక్కడున్నారని వెతుకుతూ రాయడం మొదలుపెడితే, దేశం నలుమూలల నుంచీ మేమూ ఉన్నామంటూ జవాబులు వచ్చాయి. ఇవాళ ఆ సంస్థకు దాదాపు 60 నగరాల్లో వలంటీర్ లీడర్లు ఉన్నారు. ఏటా కొత్తవాళ్ళను ఎంచుకుని శిక్షణ ఇస్తారు. ఆ లీడర్లు వేరే ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు.

ఒక లీడరు ఏం చేస్తుంది? ముందుగా ట్రెయిల్ చూసి వస్తుంది. పార్కింగ్ ఎక్కడ, ఫోన్ సిగ్నల్ ఎక్కడ పోతుంది, బాత్‌రూమ్ ఉందా, పెద్దవాళ్ళు ఎంత దూరం నడవగలరు, అన్నీ చెప్పి పంపుతుంది. పొద్దున్నే అందరూ గుండ్రంగా నిలబడి పేర్లు చెప్పుకుంటారు. ఆ చోటికీ నల్లజాతి చరిత్రకూ ఉన్న సంబంధం ఆమె చెబుతుంది. ఇక్కడి రైలు పట్టాలు ఎవరు వేశారు, ఈ వాగు వెంబడి ఎవరు పారిపోయారు. ఎవరు ముందు చేరతారన్న పందెం ఉండదు, వెనకబడ్డవాళ్ళ కోసం ఆగుతారు. మాటలు, పాటలు, తిండి. మొదటిసారి వచ్చిన మనిషికి అడవిలో అందరూ తనను తేరిపార చూస్తున్నారన్న బెరుకు ఉండదు. రెండోసారి పక్కింటావిడను వెంటబెట్టుకొస్తుంది.

ఈ పని ఎంత లోతైనదో 2014 చివర్లో తెలిసింది. ఫెర్గూసన్‌లోనూ న్యూయార్క్‌లోనూ నల్లజాతీయుల ప్రాణాలు తీసిన పోలీసుల మీద కేసులు ఉండవని తేలాక ఓక్లండ్ వీధులు అట్టుడికాయి. తలమీద హెలికాప్టర్ల మోత. ఏం చేయాలో తోచక రూ మ్యాప్ కొంతమందిని కూడగట్టి ఊరి కొండల్లోని రెడ్‌వుడ్ అడవికి తీసుకెళ్ళింది. ఆ అడవికీ ఒక కథ ఉంది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అక్కడి మహావృక్షాలను దాదాపు అన్నిటినీ నరికి కలపకు వాడేశారు. ఇప్పుడున్నవి ఆ మోడుల చుట్టూ లేచిన పిలకలు, ఆకాశమంత ఎదిగాయి. వాగు పక్కన నడుస్తూ మాట్లాడుకున్నారు, ఏడ్చారు, ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. భారాన్ని ఏటి ఒడ్డున దించుకోవడం బానిసత్వపు రోజుల పాటల నుంచీ ఆ జాతికి తెలిసిన పని. తర్వాత ఇలాంటి నడకలు వేరే ఊళ్ళలోనూ జరిగాయి.

అందరూ కలిసి నడవాల్సిన రోజుల్లో నల్లజాతీయులకు వేరే గ్రూపు ఎందుకని కొందరు అడుగుతారు. న్యాయంగా అడిగేవాళ్ళూ ఉన్నారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో మన తెలుగు సంఘాలు పార్కు బుక్ చేసుకుని వనభోజనాలు పెట్టుకుంటాయి. మన పాటలు, మన పచ్చళ్ళు, పిల్లలకు మన ఆటలు. పార్కును మనం ఎవరికీ కాకుండా చేశామని ఎవరైనా అంటారా? పైగా ఔట్‌డోర్ ఆఫ్రో నడకలకు ఏ జాతివాళ్ళైనా రావచ్చు. వాళ్ళు అడిగేదల్లా ఒక్కరోజైనా తాము వింతగా కనబడని గుంపులో ఉండడం. లూయిస్ మౌంటెన్ బోర్డు పెట్టింది బలవంతంగా విడదీయడానికి. ఇది ఇష్టపడి కలుసుకోవడం. రెంటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఒంటరిగా ఉండడంలోని ప్రమాదం 2020 మే 25న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మళ్ళీ కనబడింది. పక్షులు చూడడానికి వచ్చిన క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతీయుడు, కుక్కకు పట్టీ వేయమని ఒకామెను అడిగాడు. అక్కడ పట్టీ తప్పనిసరి. ఆమె పోలీసులకు ఫోన్ చేసి, ఒక ఆఫ్రికన్ అమెరికన్ తనను బెదిరిస్తున్నాడని చెప్పింది. కూపర్ తీసిన వీడియో లేకపోతే ఏమయ్యేదో! అదే రోజు మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసులు చంపారు. వారం తిరక్కుండానే కొందరు నల్లజాతి యువ శాస్త్రవేత్తలు బ్లాక్ బర్డర్స్ వీక్ మొదలుపెట్టారు. మొదటి రోజు వాళ్ళు కోరింది ఒకటే, ప్రకృతిలో ఉన్న మీ ఫొటోలు పెట్టండి. బైనాక్యులర్లు మెడలో వేసుకున్నవాళ్ళు, బురద బూట్లతో నిలబడ్డవాళ్ళు, చేతిమీద పాములను, కప్పలను పట్టుకుని నవ్వుతున్నవాళ్ళు వందలుగా కనబడ్డారు. ఆ సమయంలో, ఆ దుఃఖంలో, అంత సంతోషాన్ని బయటికి తేవడం నాకు చాలా గొప్ప తెగువగా అనిపిస్తుంది.

నాయకత్వం పైమెట్ల మీదా కనబడుతోంది. టెక్సస్‌లో వేర్పాటు బడుల్లో చదివిన రాబర్ట్ స్టాంటన్ 1962లో గ్రాండ్ టీటన్ పార్కులో సీజనల్ రేంజర్‌గా చేరాడు. 1997లో నేషనల్ పార్క్ సర్వీస్ మొత్తానికీ డైరెక్టర్ అయ్యాడు, ఆ పదవిలో మొదటి నల్లజాతీయుడు. 2022 మే 12న ఫిలిప్ హెండర్సన్ కూడగట్టిన ఫుల్ సర్కిల్ జట్టులోని ఏడుగురు సభ్యులు, షెర్పాలతో కలిసి ఎవరెస్టు ఎక్కారు. పూర్తిగా నల్లజాతీయులతో కూడిన జట్టు ఆ శిఖరం చేరడం అదే మొదలు. వాళ్ళకన్నా పదహారేళ్ళ ముందే సోఫియా డానెన్‌బర్గ్ అక్కడ కాలుపెట్టింది, అదీ నల్లజాతి మహిళల్లో మొట్టమొదటిసారిగా. ఆ కబురు అప్పట్లో పెద్దగా ఎవరికీ చేరలేదు.

అయినా నేను ఎక్కువగా గమనించేది ఎవరెస్టు కన్నా ఔట్‌డోర్ ఆఫ్రో నడిపే ఈత కార్యక్రమాన్ని. మేకింగ్ వేవ్స్ అని పేరు. ఈత నేర్చుకోవడానికి అయ్యే ఫీజు స్కాలర్‌షిప్‌గా ఇస్తారు. పిల్లలకు మాత్రమే ఇచ్చి ఊరుకోరు, వాళ్ళను పెంచే పెద్దవాళ్ళకూ ఇస్తారు. నలభై ఏళ్ళ అమ్మ, ఎనిమిదేళ్ళ కొడుకు ఒకే పూల్‌లో నీళ్ళలో ముఖం పెట్టి గాలి వదలడం దగ్గర మొదలుపెట్టవచ్చు. అమ్మకు భయం తీరితే పిల్లాడిని ఆపేవాళ్ళు ఇంట్లో ఉండరని వాళ్ళ ఆలోచన. ఒక్కో మనిషికి కొన్ని వారాల పాఠాలు, అంతే ఖర్చు.